ఎమ్మారై స్కాన్‌లో అంత చప్పుడు ఎందుకు?

మీ అమ్మగారికి డాక్టరు నడుము ఎమ్మారై రాశారనీ, ఆ చప్పుడు గురించి విని రేడియేషనేమోనని ఆవిడ హడలిపోతున్నారనీ మీరు రాశారు. పదకొండేళ్లుగా ఎమ్మారై టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఎక్స్‌రే, సీటీల్లో వాడే కిరణాలు ఇందులో ఉండవని ముందు ఆవిడకు చెప్పండి.

ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉండే ప్రతి హైడ్రోజన్ కేంద్రకమూ ఓ బుల్లి అయస్కాంతమే. మామూలుగా అవి తలో దిక్కుకు తిరిగి ఉంటాయి. మా మెషీన్ బలం 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు 30,000 రెట్లు. అంత బలానికీ పది లక్షల్లో ఓ అయిదు మాత్రమే అదనంగా దానివైపు మొగ్గుతాయి. బొమ్మంతా ఆ అయిదింటి చలవే! ఇన్నేళ్లయినా నాకు ఆ ఆశ్చర్యం తీరలేదు. 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగంతో తడితే అవి పక్కకు ఒరుగుతాయి, మళ్లీ సర్దుకుంటూ చిన్న సంకేతం ఇస్తాయి. నీరు, కొవ్వు, కండ సర్దుకునే తీరు వేరువేరు. అందుకే నడుము బొమ్మలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు నీరుంటే తెల్లగా మెరుస్తుంది, ఎండిపోయిన డిస్కు నల్లబడి కనిపిస్తుంది.

ఆ సంకేతం ఏ చోటి నుంచి వచ్చిందో తెలియాలి కదా. అయస్కాంత బలాన్ని చోటుచోటుకీ కాస్త మారిస్తే తెలుస్తుందని 1973లో అమెరికా శాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్ చూపించారు. 2003లో పీటర్ మాన్స్‌ఫీల్డ్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. అలా బలాన్ని మార్చడానికే మెషీన్‌లో గ్రేడియంట్ కాయిల్స్ అనే తీగచుట్టలు ఉంటాయి. వాటిలో కరెంటు చకచకా మారుతుంటే, పక్కనున్న పెద్ద అయస్కాంతం వల్ల కాయిల్స్ అదురుతాయి. స్పీకర్ మోగేదీ ఇలాగే. చప్పుడవుతోందంటే బొమ్మ పడుతోందన్నమాట.

ఒకసారి ఓ మామ్మగారు రెండు నిమిషాలకే బెల్లు నొక్కేశారు. బయటికి తీసి, "వడ్లు దంచినట్టు ఉంటుందమ్మా, ఆగితే ఒక వరస బొమ్మలు అయిపోయినట్టు" అని చెప్పి మళ్లీ పంపాను. ఇరవై నిమిషాలయ్యాక నవ్వుతూ బయటికొచ్చి, "అయిదుసార్లు ఆగింది నాయనా, లెక్కపెట్టా" అన్నారు. సరిగ్గా అయిదు వరసలే తీశాను.

అమ్మగారికి పేస్‌మేకర్ గానీ, ఒంట్లో క్లిప్పులు, రాడ్లు గానీ ఉంటే అపాయింట్‌మెంట్ అప్పుడే చెప్పండి. చెవులకు ప్లగ్గులు అడిగి తీసుకోండి. మెషీన్ ఆగి ఉన్నట్టు కనిపించినా అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. నగలన్నీ ఇంట్లోనే తీసేయమనండి. పుస్తెలతాడుకు గుచ్చుకున్న పిన్నీసులు మరీ ముఖ్యం. బంగారాన్ని అది లాగదు, పిన్నీసును వదలదు.