ఇప్పటి ఈజిప్ట్ జనం ఫారోల (పాత ఈజిప్ట్ రాజుల) కాలం వాళ్ళ వారసులేనా, లేక అరబ్బులా?

చాలావరకు ఆ పాతవాళ్ళ వారసులే. 639-642 మధ్య అరబ్ సైన్యం వచ్చి ఈజిప్ట్ గెలిచింది నిజమే కానీ ఉన్న జనాన్ని తరిమేసి కొత్తవాళ్ళని నింపలేదు, నైలు పక్కన వ్యవసాయం చేసుకునేవాళ్ళు అక్కడే ఉన్నారు, తర్వాత కొన్ని వందల ఏళ్ళలో మెల్లగా భాష అరబిక్ అయింది, ఎక్కువమంది ముస్లింలయ్యారు. బయటనుంచి వచ్చి కలిసినవాళ్ళూ ఉన్నారు, అంతకుముందు గ్రీకులు, రోమన్లు కూడా ఏలారు కదా.

పాత భాష కూడా పూర్తిగా పోలేదు. దాని చివరి రూపమే కాప్టిక్, గ్రీకు అక్షరాలకి ఇంకొన్ని కలిపి రాస్తారు, ఈజిప్ట్ క్రైస్తవుల కాప్టిక్ చర్చి ప్రార్థనల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచ్ పండితుడు హైరోగ్లిఫ్స్ (పాత ఈజిప్ట్ బొమ్మల లిపి) గుట్టు విప్పాడంటే అతనికి కాప్టిక్ బాగా వచ్చి ఉండటం పెద్ద కారణం.

నాకు అన్నిటికంటే నచ్చేది షమ్ ఎల్ నెసీమ్ పండగ. కాప్టిక్ ఈస్టర్ మర్నాడు సోమవారం వస్తుంది, కానీ ముస్లింలు క్రైస్తవులు అందరూ చేసుకుంటారు, ఫ్యామిలీలతో పార్కులకి, నైలు ఒడ్డుకి వెళ్ళి రంగులేసిన గుడ్లు, ఉల్లికాడలు, ఫెసీఖ్ అని ఉప్పులో ఊరబెట్టిన చేప తింటారు. దీని మూలాలు ఫారోల కాలంలోనే ఉన్నాయంటారు. పల్లెల్లో రైతులు విత్తడానికి, కోతకి పాత కాప్టిక్ నెలలే చూస్తారు, అందులో హతూర్ నెల పేరు పాత ఈజిప్ట్ వాళ్ళు కొలిచిన హాథోర్ దేవతదే.