అల్లుడూ, ఆ అడ్రస్ మీద చెయ్యి వేసే ముందు

ఒరే అల్లుడూ,

బరంపురంలో స్టోరేజ్ పని నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. ఆదివారం రాత్రి నెట్‌యాప్ బాక్స్‌లో, అదే ఆ స్టోరేజ్ మెషిన్‌లో, నెట్‌వర్క్ అడ్రస్‌లు మారుస్తానన్నావంట, ముందు ఇది చదువు.

నేను చేసిన ఎదవ పని ఒకటుంది. పర్లాకిమిడిలో ఇంట్లో కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే దూరం నించి కమాండ్లు కొట్టే దారిలో, లోపలికెళ్లి, పాత మేనేజ్‌మెంట్ అడ్రస్ ఇంకెందుకులే అని స్టేటస్ అడ్మిన్ డౌన్ కొట్టి ఆపేశాను, తీరా చూస్తే నేను లోపలికెళ్లిందే దాని మీదుగా. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అంటే అదే. డేటా శుభ్రంగా నడుస్తోంది, ఎవరికీ ఏం తెలీదు, నాకొక్కడికే చెమటలు. తెల్లారగట్ల మొదటి బస్సెక్కి వెళ్లి కన్సోల్ కేబుల్ పెట్టి లేపాను. అందుకే సర్వీస్ ప్రాసెసర్ (బాక్సుని దూరం నించి చూసుకోడానికి లోపలే విడిగా ఉండే చిన్న కంప్యూటర్) అడ్రస్ పనిచేస్తోందో లేదో ముందే చూసుకో, అందులోకెళ్లి సిస్టమ్ కన్సోల్ అని కొడితే కేబుల్ పెట్టినట్టే. కానీ చాలా మోడల్స్‌లో అదీ, మేనేజ్‌మెంట్ పోర్టు ఈ జీరో ఎమ్మూ వెనకాల రెంచి బొమ్మున్న ఒకే పోర్టులోంచి వెళ్తాయి, ఆ వైరు ఊడిందంటే రెండూ పోతాయి.

తర్వాత నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ షో కొట్టి చివరి కాలమ్ చూడు, ఇజ్ హోమ్ అని. ఫాల్స్ ఉంటే ఆ అడ్రస్ సూరత్ మిల్లుకెళ్లిన మన గంజాం కుర్రాడి లాంటిదన్నమాట, రేషన్ కార్డు ఇక్కడ, మనిషి అక్కడ. 2018లో తిత్లీ తుఫానుకి కరెంట్ పోయి వచ్చాక ఒక కంట్రోలర్ (బాక్సు పని నడిపే కంప్యూటర్) లేటుగా లేచింది, దాని ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు ఇచ్చే పద్ధతి) అడ్రస్‌లన్నీ పక్కదాని మీదకెళ్లి అక్కడే ఉండిపోయాయి, వాటంతటవే ఇంటికొచ్చే ఆటో రివర్ట్ పెట్టలేదు మరి, వారం రోజులు స్లో స్లో అని అందరూ నన్ను తిట్టారు. వెనక్కి తేవడానికి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ రివర్ట్, ఒక్క లైను, అంతే. ఐస్కాజీ (నెట్‌వర్క్ మీద డిస్కునే ఇచ్చే పద్ధతి) అడ్రస్‌లు మాత్రం మన ఫాస్ మోడల్ బాక్సుల్లో అలాగ పక్కకి పోవు, సర్వర్ వైపు మల్టీపాత్ (ఒక దారి పోతే ఇంకో దారి పట్టే ఏర్పాటు) సరిగ్గా ఉండాల్సిందే, పోర్టు 3260 ఫైర్‌వాల్‌లో తెరిచి ఉందో లేదో చూడు, ఎన్‌ఎఫ్‌ఎస్‌కైతే 2049.

ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ ఎన్ని బైట్ల దాకా ఉండొచ్చో ఆ లెక్క) 9000 పెడతానంటే స్విచ్ వాడితో మాట్లాడాకే. మధ్యలో ఒక్కచోట 1500 ఉండిపోయిందనుకో, లాగిన్ అవుద్ది, ఫోల్డర్ లిస్టు వస్తది, పెద్ద ఫైలు కాపీ పెడితే బిగుసుకుపోతది, ఆ జబ్బు కనిపెట్టడానికి నాకు రెండ్రోజులు పట్టింది. లినక్స్ సర్వర్ నించి ముక్కలు చెయ్యొద్దని చెప్పి 8972 సైజుతో పింగ్ కొట్టు, హెడర్లకి 28 పోతాయి కాబట్టి ఆ లెక్క. వెళ్తే దారంతా బాగున్నట్టు.

కొత్త అడ్రస్‌కి పింగ్ రాలేదని అది ఖాళీ అనుకోకు, అది వాడే మెషిన్ ఏదో అప్పటికి ఆపి ఉండొచ్చు.

మార్చక ముందు షో అవుట్‌పుట్ అంతా ప్రింట్ తీసి శనివారం పట్టుకురా. ఫోన్లో పంపకు, నా కళ్లకి ఆ అక్షరాలు ఆనట్లేదు.

మీ మావయ్య