ఒంటికి దురద: నీళ్లా, సబ్బా, పురుగా?

ప్రశ్న: నెల రోజులుగా మా ఇంట్లో నలుగురికీ దురద. పాప హాస్టల్ నుంచి సెలవులకు వచ్చాక మొదలైంది. పగలు ఫర్వాలేదు, రాత్రి పడుకుంటే గోకుడే. బోరు నీళ్లు ఉప్పన, వాటివల్లేనని మా అత్తమ్మ అంటోంది. సబ్బు మార్చాం, బట్టల పౌడరు మార్చాం, వేపాకు నీళ్లు పోసుకున్నాం. తగ్గలేదు.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఉప్పునీళ్లతో వచ్చే దురద స్నానం చేసిన కాసేపటికే ఎక్కువవుతుంది. పిక్కలు, ముంజేతులు పొడిబారి పొట్టు లేస్తాయి, కొబ్బరినూనె రాస్తే కాస్త నెమ్మదిస్తుంది. మీది అలా లేదు. రాత్రిపూట దురద, ఇంటిల్లిపాదికీ, అదీ హాస్టల్ నుంచి మనిషి వచ్చాక. ముందు అనుమానించాల్సింది గజ్జిని. (పేరు వింటేనే చాలామందికి నామోషీ. రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాళ్లకూ వస్తుంది.)

రాత్రి టార్చి, భూతద్దం పట్టుకుని వేళ్ల సందులు, మణికట్టు లోపలివైపు, చంకలు, బొడ్డు చుట్టూ, చీర కుచ్చిళ్లు బిగిసే చోటు చూడండి. చిన్న పొక్కులతోపాటు అర సెంటీమీటరు పొడవున వంకరటింకర గీత కనిపిస్తే అది గజ్జిపురుగు చర్మంలో తవ్విన దారి. గీత కనబడకపోయినా గజ్జి కాదని అనుకోవద్దు, గోకుడులో చెరిగిపోతుంది. అలాగే పరుపు కుట్లు, మంచం కీళ్లు చూడండి. నల్లటి చుక్కలుంటే నల్లులు. అవి కుడితే బట్ట కప్పని చోట వరసగా దద్దుర్లు లేస్తాయి, వేళ్ల సందుల జోలికి అంతగా పోవు.

గజ్జేనని డాక్టరు చెబితే సాధారణంగా ఇచ్చేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. పెద్దవాళ్లకు ఒకసారికి దాదాపు 30 గ్రాములు పడుతుంది. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచాలి. మధ్యలో చేతులు కడిగితే అక్కడ మళ్లీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టరు చెప్పిన పద్ధతిలోనే.

అందరూ తప్పేది ఒక్కచోట: దురద ఉన్నవాళ్లే రాసుకుంటారు. మొదటిసారి పట్టిన గజ్జికి దురద రావడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంచేత ఇంట్లో దురద లేనివాళ్లు ఉంటే వాళ్లూ అదే రాత్రి రాసుకోవాలి, లేకపోతే వాళ్ల నుంచి మళ్లీ మొదలు. వాడిన దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండేయండి. ఉతకలేనివి మూటగట్టి వారం పక్కన పెట్టండి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. తగ్గలేదని రోజూ క్రీము పూస్తే ఆ క్రీముకే చర్మం మండుతుంది. మందుల షాపులో చేతికిచ్చే స్టెరాయిడ్ కలిపిన ట్యూబు మాత్రం వద్దు. దురద అణిగినట్టుంటుంది, లోపల గజ్జి, తామర ముదురుతాయి.

ప్రశ్న: ఉతికిన చొక్కా వేసుకున్న పది నిమిషాలకే మెడ, వీపు దురద. మూడు రకాల పౌడర్లు మార్చాను. బట్టలు పెరట్లో మునగచెట్టు కింది తీగ మీద ఆరేస్తాం.
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: తీగ మార్చండి, పౌడరు కాదు. పగటిపూట మునగ మొదలు చూస్తే గొంగళిపురుగులు గుంపుగా అంటుకుని ఉంటాయి. వాటి నూగు రాలి తడిబట్టకు పడుతుంది. నమ్మకం కుదరకపోతే ఒకే ఉతుకులోని రెండు చొక్కాల్లో ఒకటి చెట్టు కింద, ఒకటి మేడమీద ఆరేసి, రోజుకొకటి వేసుకుని చూడండి. దురద పెట్టిన చోట రుద్దితే నూగు లోపలికి దిగుతుంది. సెల్లోటేపు అద్ది లాగి, తర్వాత సబ్బుతో కడగండి. పాత గుడ్డ కాగడాతో పురుగుల్ని కాలిస్తే నూగు గాలికి లేస్తుంది. పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని సబ్బునీళ్ల బకెట్లోకి గీకేయడం మేలు.

ప్రశ్న: పొద్దున లేచేసరికి మెడ మీద కాలినట్టు ఎర్రటి చార, మంట. సర్పి అంటున్నారు.
– ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: ఇల్లు వరిపొలాల పక్కనైతే, మంచం పైన ట్యూబ్‌లైటు ఉంటే, అది నలుపు–నారింజ రంగుల చీమలాంటి పురుగు పని కావచ్చు. కుట్టదు. నిద్రలో నలిపితే దాని రసం తగిలి, ఒకటి రెండు రోజుల్లో పొక్కుతుంది. ఒంటిమీద కనిపిస్తే కొట్టకుండా ఊదేసి, ఆ చోటు సబ్బుతో కడగండి. నీటి పొక్కులు ఒకే పక్కన గుత్తులుగా, లోపల పోటుతో వస్తే మాత్రం నిజంగా సర్పే కావచ్చు. అప్పుడు ఎర్రమట్టి పూతలతో కాలయాపన చేయకుండా మూడు రోజుల్లోపు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.