బంజారాహిల్స్‌లో నడుస్తూ షాపింగ్ చేయొచ్చా?

ప్రశ్న: వచ్చే నెల అక్కా నేనూ హైదరాబాద్ వస్తున్నాం. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఖాళీ. బంజారాహిల్స్‌లో బొటిక్‌లు చూస్తూ, టీ తాగుతూ నడుచుకుంటూ తిరగాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. తమ్ముడి పెళ్ళికి ఒక పోచంపల్లి చీర కూడా కొనాలి. మా వాళ్ళేమో అది కార్లలో తిరిగేవాళ్ళ ఏరియా, మీకెందుకు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కార్లున్నవాళ్ళదే అంటే నేనొప్పుకోను. తప్పకుండా వెళ్ళండి. కాకపోతే బంజారాహిల్స్ మొత్తం నడిచేద్దామనుకోకండి. అంతా గుట్టలు, ఎక్కుడు దిగుడు రోడ్లు, నంబర్లు కూడా వరసలో ఉండవు, ఒకటో నంబర్ రోడ్డు మీద మలుపు తిరిగితే పదో నంబర్ వచ్చేస్తుంది. ఫుట్‌పాత్ ఉన్నట్టే ఉండి మధ్యలో ఏ ట్రాన్స్‌ఫార్మరో, పార్క్ చేసిన బైకులో అడ్డమొచ్చి రోడ్డు మీదకి దింపుతాయి. ఇంత ఖరీదైన ఏరియాలో నడిచేవాళ్ళకు ఈ మాత్రం దారి లేకపోవడం నాకు నిజంగా కోపం తెప్పించే విషయం.

అందుకని ఒక్క ముక్క ఎంచుకోండి: రోడ్ నంబర్ 1. సికింద్రాబాద్‌లో రైలు దిగి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారి ఎర్రమంజిల్‌లో దిగండి. అక్కడి నుంచి జీవీకే వన్ మాల్ దాకా ఆటో. మాల్‌లో ఏసీ చల్లదనానికి కాసేపు తిరిగి, దగ్గర్లోనే ఉన్న లామకాన్‌కి వెళ్ళండి. పాత ఇంటి ఆవరణ, చెట్లు, బండరాళ్ళు. 2010 నుంచి అక్కడ నాటకాలు, చర్చలు, సినిమా ప్రదర్శనలు నడుస్తున్నాయి. చాయ్, సమోసా ధర చూసి ఇది బంజారాహిల్సేనా అనిపిస్తుంది. ఇద్దరాడవాళ్ళు ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు, నాకు ఆ చోటంటే అందుకే అంత ఇష్టం.

ఇక చీర. బొటిక్‌లో లైటింగ్ కింద ప్రతిదీ బాగానే కనిపిస్తుంది కాబట్టి కొంగు పట్టుకుని గుమ్మం దగ్గరికి, పగటి వెలుతురులోకి తీసుకెళ్ళి తిరగేసి చూడండి. పోచంపల్లి చీరది ఇక్కత్ నేత, అంటే నూలుకు ముందే కట్లు కట్టి రంగు వేసి, ఆ తర్వాతే నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టు, రంగు పక్కకి పాకినట్టు కనిపిస్తాయి. వెనక వైపు వెలిసిపోయినట్టుండి, ముందు వైపు గీత గీసినట్టు ఖచ్చితంగా ఉంటే అది చాలావరకు ప్రింటే. పట్టు చీరైతే అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. నిలువు, అడ్డం రెండు నూళ్ళకూ కట్లు కట్టి నేసిన డబుల్ ఇక్కత్‌కి పని ఎక్కువ, ధరా ఎక్కువే. బడ్జెట్ ముందే చెప్పేయండి, మొహమాటపడితే పది వేలది చూడబోయి ముప్పై వేలది మడత విప్పించుకుంటారు. నచ్చకపోతే ఎక్స్ఛేంజ్ ఉందా, ఫాల్ కుట్టాక కూడా మారుస్తారా అన్నది బిల్లు కట్టక ముందే తేల్చుకోండి.

ఆదివారం మాత్రం బంజారాహిల్స్ వదిలేసి అదే రెడ్ లైన్‌లో గాంధీభవన్ దాకా వెళ్ళండి. మీరు కోరుకున్న నడక అసలు అక్కడే దొరుకుతుంది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ రాతి కట్టడం, దాని గడియారం, లోపల పండ్ల ఐస్‌క్రీమ్ (సీజనైతే సీతాఫలం తినకుండా రావద్దు), ఆ పక్కనే 1953లో మొదలైన కరాచీ బేకరీ. అక్కడి నుంచి ఆబిడ్స్‌కి నడిచిపోవచ్చు. ఆదివారం షాపులు చాలావరకు మూసి ఉంటాయి, ఆ షట్టర్ల ముందే ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచేస్తారు. బేరం ఆడొచ్చు. కానీ చీర మాత్రం శనివారమే కొనేయండి, ఆదివారం చూద్దాంలే అనుకుంటే ఇక్కడ షట్టర్లే కనిపిస్తాయి.