పొట్ట గొట్టం చుట్టూ చర్మం ఒరుసుకుపోతుంటే

ప్రశ్న: పక్షవాతం తర్వాత మింగలేకపోతున్న మా నాన్నగారికి మూడు నెలల కిందట పెగ్ ట్యూబ్ (పొట్టకు రంధ్రం చేసి నేరుగా జీర్ణాశయంలోకి ఆహారం పంపే గొట్టం) వేశారు. కొన్నాళ్లుగా గొట్టం పక్క నుంచి జావ కారుతోంది. చుట్టూ చర్మం ఎర్రబడి మంట పుడుతోందంటున్నారు. తడి పీలుస్తుందని గొట్టాన్ని చర్మం మీద పట్టి ఉంచే బిళ్ల కింద గాజుగుడ్డను మందంగా మడిచి పెడుతున్నాం. ఇంకా లావు గొట్టం వేయిస్తే కారదని తెలిసినవాళ్లు చెబుతున్నారు. వేయించమంటారా? - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. గొట్టం లావైన కొద్దీ రంధ్రమూ సాగుతుంది. కొద్దిరోజులు ఆగినట్టే ఆగి మళ్లీ కారుతుంది. ముందు ఆ మందపాటి గుడ్డ తీసేయండి. పొట్ట లోపల ఒక బిళ్ల, బయట ఒక బిళ్ల ఉంటాయి. మధ్యలో గుడ్డ ఇరికిస్తే లోపలి బిళ్ల జీర్ణాశయం గోడను గట్టిగా నొక్కుతుంది. నెలల తరబడి అలాగే ఉంటే అక్కడ పుండు పడి, బిళ్ల గోడలోకే కూరుకుపోతుంది. పైగా తడిసిన గుడ్డ జీర్ణాశయం నుంచి కారే ఆమ్లాన్ని చర్మానికే అంటిపెట్టి ఉంచుతుంది.

నాన్నగారిని వెల్లకిలా పడుకోబెట్టి బయటి బిళ్లను వదులు చేయండి. గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బుతో చర్మాన్ని, బిళ్ల అడుగును కడిగి పొడిగా అద్దండి. గొట్టాన్ని మెల్లగా పైకి లాగితే ఒకచోట ఆగుతుంది. అక్కడ చర్మానికీ బిళ్లకూ మధ్య అర నుంచి ఒక సెంటీమీటరు సందు ఉంచి బిగించండి. తర్వాత కూర్చోబెట్టి మళ్లీ చూడండి. కూర్చుంటే పొట్ట ముందుకొస్తుంది కాబట్టి, పడుకున్నప్పుడు సరిపోయిన సందు అప్పుడు చాలకపోవచ్చు. చర్మం దగ్గర గొట్టం మీద కనిపించే సెంటీమీటరు అంకె రాసిపెట్టుకుని రోజూ పోల్చుకోండి.

సందు మరీ ఎక్కువైనా చేటే. గొట్టం లోపలికీ బయటికీ ఆడుతూ రంధ్రాన్ని వెడల్పు చేస్తుంది. ఒకే పక్కకు వాలి వేలాడితే ఆ అంచు కోసుకుపోతుంది. గొట్టం నిటారుగా నిలిచేలా చూసి, కొసను పొట్ట మీద ప్లాస్టర్‌తో అంటించండి. ప్లాస్టర్ చోటు రోజూ మార్చండి.

వారానికోసారి గొట్టాన్ని రెండు, మూడు సెంటీమీటర్లు లోపలికి తోసి, ఒక చుట్టు తిప్పి, పాత అంకె దగ్గరికి తేవాలి. చిన్న పేగు దాకా వెళ్లే గొట్టమైతే మాత్రం తిప్పకూడదు. కదలకపోతే బలవంతం చేయకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. అది బిళ్ల కూరుకుపోతున్న గుర్తు కావచ్చు.

చర్మానికి జింక్ ఆక్సైడ్ క్రీమ్ పలుచగా రాయండి. క్రీమ్ బిళ్లకు అంటితే బిళ్ల జారిపోతుంది, జాగ్రత్త. తడి ఎక్కువుంటే పలుచని ఫోమ్ డ్రెస్సింగ్ (స్పాంజి లాంటి పట్టీ) గాజుగుడ్డకన్నా మేలు. దాన్ని బిళ్ల కింద ఇరికించకుండా బిళ్ల మీదుగా వేయండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొద్దు, మానుతున్న చర్మాన్ని అది దెబ్బతీస్తుంది. మలబద్ధకం, దగ్గు, పొట్టలో గ్యాస్ కూడా కారడాన్ని పెంచుతాయి. వాటికీ వైద్యం చేయించండి. ఎరుపు చుట్టూ చిన్న చిన్న పొక్కులుంటే ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందు కావాలి. చీము, జ్వరం, పాకుతున్న ఎరుపు ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా పాపకు బటన్ రకం (చర్మానికి ఆనుకుని ఉండే పొట్టి) పొట్ట గొట్టం ఉంది. బరువు పెరిగాక దాని కింద చర్మం మీద గుంట పడుతోంది. క్రీమ్ ఏది మంచిది? - ఒక తల్లి, నెల్లూరు

జవాబు: క్రీమ్‌తో తీరదు. బటన్ కాడ (చర్మం నుంచి జీర్ణాశయం లోపలి దాకా ఉండే భాగం) పొడవు మారదు, పాప పొట్ట మందం పెరిగింది. కాడను మళ్లీ కొలిపించి, పొడవైనది వేయించండి. బరువు బాగా పెరిగినప్పుడల్లా ఈ కొలత అవసరం. బటన్ ఊడిపోకుండా లోపల నీళ్లు నింపిన బెలూన్ ఉంటే వారానికోసారి సిరంజితో నీళ్లు తీసి కొలవండి. ఆ సమయంలో బటన్‌ను వేలితో పట్టుకునే ఉండాలి. ప్యాకెట్ మీద ఎన్ని మిల్లీలీటర్లు రాసి ఉంటే అన్నే స్టెరైల్ నీళ్లు నింపండి. సెలైన్‌లోని ఉప్పు గడ్డకట్టి కవాటం మూసుకుపోతుంది, గాలైతే కారిపోతుంది. తీసినప్పుడు నీళ్లు ప్రతిసారీ తగ్గుతుంటే బెలూన్ పాడైనట్టే, మార్పించండి.