మసాయి మారాలో మొదటి రోజు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఆగస్టులో అమ్మానాన్నలతో కెన్యా వెళ్తున్నాం. ఉదయం నైరోబీలో బయల్దేరి రోడ్డు మీద మసాయి మారా వన్యప్రాణి రిజర్వు చేరతామని, అదే రోజు సాయంత్రం మొదటి సఫారీ ఉంటుందని టూర్ వాళ్లు చెప్పారు. నాన్నకి 68 ఏళ్లు, నడుం నొప్పి. ఆ కాసేపట్లో సింహం కనిపిస్తుందా, లేక ఆ రోజు వృథాయేనా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సింహం సంగతి తర్వాత, ముందు ఆ సాయంత్రం సఫారీ మీకు అవసరమో కాదో చూద్దాం. నైరోబీ నుంచి మారాకి అయిదారు గంటల ప్రయాణం. రిఫ్ట్ లోయ అంచున ఆగి ఫొటోలు తీసుకుని, నరోక్ ఊళ్లో టీ తాగి, లాడ్జికి చేరి భోజనం చేసేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. మారా టికెట్టేమో ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే, విదేశీయులకి జూలై నుంచి డిసెంబరు దాకా పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి 200 డాలర్లు. మీ లాడ్జి రిజర్వు గేటు బయట ఉంటే ఆ రెండు మూడు గంటల కోసం పూర్తి టికెట్టు కట్టినట్టే. అందుకని ప్యాకేజీలో మొదటి రోజు టికెట్టు ఉందో లేదో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. లేకపోతే నా సలహా, ఆ సాయంత్రం మానేయండి. నాన్నగారు నడుం వాల్చి పడుకుంటారు, మర్నాడు తెల్లవారుజామున లేచి ఆరు కొట్టేసరికి గేటు దగ్గర ఉండండి, పన్నెండు గంటలూ మీవే. లాడ్జి రిజర్వు లోపలే ఉంటే మాత్రం టికెట్టు ఎలాగూ కడతారు కాబట్టి తప్పకుండా వెళ్లండి.

నాన్నగారిని బండిలో వెనక చక్రాల మీద సీట్లో కూర్చోబెట్టొద్దు, కుదుపంతా అక్కడే. ముందు సీటుగానీ మధ్య వరసగానీ అడగండి, నడుం వెనక పెట్టుకోవడానికి ఒక చిన్న దిండు ఉంచండి. రిజర్వు లోపల అన్నీ మట్టిదారులే. కాస్త ఖర్చు పెట్టగలిగితే నైరోబీలోని విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి చిన్న విమానాలున్నాయి, ముప్పావు గంటలో దింపేస్తాయి, కాకపోతే మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగుల్లోనే.

ఇక సింహం. మారాలో సింహాలు దండిగానే ఉన్నాయి, కానీ గేటు దాటగానే డ్రైవర్ని ‘సింహం ఎక్కడ’ అని అడగడం మొదలుపెడితే ఆ సాయంత్రమంతా పరుగే మిగులుతుంది. మన అమ్రాబాద్ అడవిలో తిరిగినవాళ్లకి చెట్ల మధ్య ఒక్క క్షణం కనిపించి మాయమయ్యే జంతువు కోసం చూడటం అలవాటు. మారాలో గడ్డి మైదానం, కిలోమీటర్ల దూరం కనిపిస్తుంది, ఎటు చూడాలో కంటికి మొదట అర్థం కాదు. ఆ కన్ను అలవాటు పడటానికే మొదటి గంట. జీబ్రాలు, జిరాఫీలు, చిన్న చిన్న జింకలు, చెదపుట్ట ఎక్కి నిలబడి చుట్టూ చూసే టోపీ అనే ఎర్రగోధుమ రంగు జంతువు, వీటి దగ్గర ఆగండి. మేస్తున్న మందంతా ఉన్నట్టుండి మేత ఆపి, చెవులు నిక్కించి ఒకే వైపు చూస్తోందంటే ఆ వైపు ఏదో ఉందన్నమాట. రాబందులు వరసగా కిందికి దిగుతున్నా అంతే. ఇవి గమనించడం వచ్చాక సింహాన్ని మీరే చూపిస్తారు, ఆ ఆనందం వేరు!

ఇంకొకటి, ఇది మనవాళ్లందరికీ చెప్పాలనిపిస్తుంది. డ్రైవర్లు రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు, క్షణాల్లో బండ్లన్నీ ఒకచోట చేరతాయి. ఒక జంతువు దగ్గర ఒకేసారి అయిదు బండ్లకి మించి ఉండకూడదు, 25 మీటర్ల దూరం పాటించాలి, దారి వదిలి గడ్డిలోకి దిగకూడదు అని అక్కడ నిబంధనలున్నాయి. ‘ఇంకొంచెం దగ్గరికి పోనివ్వు, టిప్పు ఇస్తాం’ అని దయచేసి ఎవరూ అనొద్దు. జరిమానా పడేది అతనికి, నష్టపోయేది జంతువు. ముఖ్యంగా చీతా. సింహాలూ హైనాలూ ఎక్కువగా రాత్రి వేటాడతాయి కాబట్టి చీతా పగలు వేటాడి బతుకుతుంది, చుట్టూ బండ్లు మూగితే దానికి ఆ వేట కుదరదు, పిల్లలు ఆకలితో ఉంటాయి. మీ ఫొటో కొంచెం చిన్నగా వస్తే ఏమీ కాదు.

సింహాలు రోజులో ఇరవై గంటల దాకా పడుకునే ఉంటాయి. నాలుగున్నరకి నిద్రపోతున్న గుంపు కనిపిస్తే రెండు ఫొటోలు తీసి వెళ్లిపోకండి. ఎండ తగ్గేకొద్దీ ఒకటి లేస్తుంది, ఆవలిస్తుంది, పిల్లలు తల్లి మీద ఎక్కుతాయి. అరగంట కదలకుండా కూర్చోవడం అయిదు చోట్లకి పరిగెత్తడం కంటే నాకు ఎప్పుడూ మేలనిపిస్తుంది. వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు మారా నది దాటడం మాత్రం మొదటి సాయంత్రం ఆశించకండి. అవి ఒడ్డున గంటలు గంటలు నిలబడి వెనక్కి తిరిగిపోతాయి కూడా, దానికి ఒక రోజంతా కేటాయించాలి.

ప్రశ్న: పైకప్పు తెరిచిన బండి అంటున్నారు, జంతువులు మీదికి రావా? రాత్రి టెంటులో భయం లేదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రోజూ చూసే బండిని అవి మామూలుగా పట్టించుకోవు. మనిషి కిందికి దిగినా, చేతులు బయటికి చాచినా, కేకలు వేసినా పరిస్థితి మారిపోతుంది. కాబట్టి బాత్రూం అవసరం డ్రైవర్‌కి ముందే చెప్పండి, మొహమాటపడకండి. రాత్రి చాలా క్యాంపులకి కంచె ఉండదు, నీటిగుర్రాలు మేతకి ఒడ్డెక్కి టెంట్ల మధ్యకే వస్తాయి. భోజనానికి వెళ్లాలన్నా టార్చితో కాపలా మనిషి తోడొస్తాడు, అతను లేకుండా అడుగు బయట పెట్టొద్దు.

ప్రశ్న: సామాన్లలో ఏం సర్దుకోవాలి? మేం శాకాహారులం.
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: ముందు స్వెటర్లు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది, ఆగస్టు పొద్దున్నే గజగజలాడిస్తుంది. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు, సెట్సీ అనే కుట్టే ఈగలు ఆ రంగులకే వస్తాయి. తిండికి బెంగ లేదు, గుజరాతీ కుటుంబాలు తరతరాలుగా ఉన్న దేశం, లాడ్జికి ముందే చెబితే పప్పు, కూర పెడతారు, చపాతీ అయితే కెన్యా ఇళ్లలోనే చేసుకుంటారు. ఆవకాయ తీసుకెళ్లండి కానీ ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్లో కాదు, 2017 నుంచి అక్కడ వాటిని నిషేధించారు. స్టీలు డబ్బా, గుడ్డ సంచీ, స్టీలు నీళ్ల సీసా సర్దుకోండి. ఎల్లో ఫీవర్ టీకా బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోండి, ఆ కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉంచండి. తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులో అది లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు.