అల్సరేటివ్ కొలైటిస్ తీవ్రమైనప్పుడు మొదటి రోజే సర్జన్ ఎందుకు వస్తారు?

అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొరలో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) తీవ్రమై హైదరాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చిన రోజే మీ తమ్ముడిని సర్జన్ వచ్చి చూశారని, అంటే ఆపరేషన్ తప్పదా అని అడిగారు. తప్పదని కాదు, నా దృష్టిలో అది మంచి వైద్యానికి గుర్తు.

రోజుకు ఆరు లేదా అంతకు మించి నెత్తుటి విరేచనాలతో పాటు జ్వరమో, నిమిషానికి 90 దాటిన నాడి వేగమో, రక్తహీనతో ఉంటే, జీర్ణకోశ నిపుణులు నరం ద్వారా స్టెరాయిడ్లు ప్రారంభించి, అమీబా వంటి ఇన్ఫెక్షన్ల కోసం మలపరీక్ష చేయిస్తారు. రక్తం పోతున్నప్పటికీ, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వడం చూసి కంగారు పడకండి. ఈ స్థితిలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ.

అసలు నిర్ణయం మూడో రోజున ఉంటుంది. విరేచనాలు ఇంకా రోజుకు ఎనిమిదికి మించినా, మూడు నుంచి ఎనిమిది మధ్య ఉండి రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు తీవ్రతను చూపే ప్రొటీన్) లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటినా, స్టెరాయిడ్లు సరిపోవని భావించి రోగనిరోధక చర్యను అణిచే మందులైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేదా సైక్లోస్పోరిన్ ఇచ్చే విషయం, లేదా పెద్దపేగు తొలగించే విషయం, ఫిజీషియన్, సర్జన్ కలిసి ఆలోచిస్తారు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వల్ల దాగి ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు కనుక, మన దేశంలో ఛాతీ ఎక్స్‌రే వంటి పరీక్షలు ముందే చేయించాలి.

ఎక్స్‌రేలో పెద్దపేగు 6 సెంటీమీటర్లకు మించి ఉబ్బినా, పేగుకు చిల్లు పడినా వ్యవధి ఉండదు. పైగా స్టెరాయిడ్లు కడుపునొప్పిని కప్పిపుచ్చగలవు. అందుకే రోగి పొట్టను సర్జన్ మొదటి నుంచీ రోజూ చేత్తో తాకి చూడాలి. స్టోమా నర్సు (ఆపరేషన్‌లో మలం బయటకు రావడానికి పొట్టపై చేసే రంధ్రం సంరక్షణ నేర్పే నర్సు), పోషకాహార నిపుణుల సలహా కూడా ఆపరేషన్ ఖాయమయ్యే వరకు ఆగకుండా అడగండి. ప్రతి విరేచనం వేళను, నెత్తురు పడిందో లేదో కాగితంపై రాసి రౌండ్స్‌లో డాక్టరుకు చూపించండి.